మలుపుకొక మనిషి

నాకు ముక్కు మీదే కోపం. ఇది మా అత్తగారు కట్టిన కథ కాదు, నేను పనిచేసిన బడిలో ఆయా మొదలుకొని హెడ్‌మిస్ట్రెస్ దాకా అందరూ ఒప్పుకున్న సంగతి. పుదుచ్చేరిలో, సారం దగ్గర ఒక ఆడపిల్లల బడిలో నేను పీటీ టీచర్‌ని. మెడలో విజిల్, చేతిలో మోపెడ్ తాళంచెవి, నోటి చివర ఒక తిట్టు. రెండువేల తర్వాతి ఆ ఏళ్ళన్నీ నేను అలాగే తిరిగాను. అయితే ఒక ఏడాది మాత్రం నా కోపంలో న్యాయం ఉంది.

మా వైపు బళ్ళన్నీ కలిసి ఏటా ఆటల పోటీలు జరుపుకునేవి. అందులో అమ్మాయిల రోడ్డు పరుగు అని ఒకటి ఉండేది. మా బడి గేటు దగ్గర మొదలై, సారం సందుల్లో తిరిగి, బస్సులు పోయే పెద్ద రోడ్డును ఒక చోట దాటి, మళ్ళీ మా మైదానానికే చేరాలి. ఉండేది అన్నానే గాని, కాగితం మీదే ఉండేది. ప్రతి ఏడూ ఆఖరి వారంలో దాన్ని కొట్టేసేవారు. మగపిల్లల పరుగు మాత్రం జరిగేది. కారణం అడిగితే, ఆటల అధికారి సౌమ్యంగా చెప్పేవాడు. అమ్మాయిలు రోడ్డు మీద పరిగెత్తాలంటే ప్రతి మలుపులోనూ ఒక పెద్ద మనిషి నిలబడాలి, దారి చూపించాలి, బండ్లు ఆపాలి. మలుపులేమో ఇరవై దాకా ఉన్నాయి. టీచర్లు మైదానం పనికే చాలరు. మనుషులు ఎక్కడున్నారు మేడం?

నిజమే, మనుషులు ఎక్కడున్నారు? ఊరు నిండా ఉన్నారు. పిలిస్తే ఒక్కరూ రారు.

ఆ ఏడాది నేను ఊరుకోదలచుకోలేదు. పన్నెండో తరగతిలో ఒక పిల్ల ఉంది, సముద్రం ఒడ్డు కురుచికుప్పం జాలరిపేట పిల్ల. వంద మీటర్లకు అసలు పనికిరాదు, విజిల్ వేశాక అది తేరుకునేలోపు మిగతావాళ్ళు సగం దూరం పోయి ఉంటారు. కానీ దూరం పెరిగేకొద్దీ దానికి ఊపొస్తుంది. చిన్నప్పటి నుంచీ సముద్రపు ఇసుకలో పరిగెత్తిన కాళ్ళు. మైదానం చుట్టూ తిప్పితే నాకు విసుగు పుట్టాలే గాని దానికి ఆయాసం రాదు. రోడ్డు పరుగు జరిగి, అందులో మొదటి ముగ్గురిలో వస్తే పుదుచ్చేరి జట్టులోకి తీసుకుంటారు. ఆ జట్టులో పరిగెత్తితే కాలేజీలో ఆటల కోటా సీటు దొరుకుతుంది. బడిలో దానికి అదే ఆఖరి ఏడు.

వాళ్ళమ్మ మా వీధిలోకి చేపలు తెచ్చే ఆవిడే. భర్త పడవ మీద పోతాడు, ఈవిడ గంప ఎత్తుకొని కురుచికుప్పం నుంచి సారం దాకా వస్తుంది. వాళ్ళది తమిళమే గాని, మా వీధుల్లో బేరాలాడీ ఆడీ మా ఇళ్ళ తెలుగు కూడా పట్టేసింది. కూతురి చదువు గురించి నేనడిగితే ఏమీ దాచలేదు.

"సీటు దొరికితే చదవనీ టీచరమ్మా. దొరకలేదనుకో, వేసవి పోతానే దీనికీ ఒక గంప కొనిస్తా. నా మెడ గూడా ఎన్నాళ్ళు మోస్తాది?"

మర్నాడు బడిలో ఆ పిల్ల మెడ వంక చూసి నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. అధికారి మీద, ఊరి మీద, ఆ ఇరవై మలుపుల మీద.

తల్లిదండ్రులందరికీ సర్క్యులర్ పంపాను. తమిళంలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. టీ కొట్టు గోడకు అంటించాను, రేషన్ షాపు ముందు అంటించాను. మేము నిలబడతాం అని చెప్పేవాళ్ళ కోసం బడి వరండాలో కుర్చీ వేసుకొని సాయంత్రం దాకా కూర్చున్నాను. ఒకాయన వచ్చాడు. మధ్యాహ్నం భోజనం ఉంటుందా అని అడిగి, లేదనగానే వెళ్ళిపోయాడు. ఇంకొకావిడ ఫోన్ చేసి, ఆ రోజు రోడ్డు మూసేస్తే మాకు ఆటోలు ఎట్లా వస్తాయని నాతో తగువుకు దిగింది. అంతే. నా మొహం, అంతకు మించి ఒక్క పురుగు కూడా రాలేదు.

ఇంటికొచ్చి మోపెడ్ స్టాండు వేసే చప్పుడులోనే మా అత్తగారికి విషయం తెలిసిపోయింది. ఆవిడ వెనక వాకిట్లో నెత్తళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది.

"ఏంది, మొగం మాడ్చుకొని వచ్చినావు?"

"ఈ ఊర్లో మనుషుల్లేరత్తా. అంతా బండరాళ్ళు. ఆడపిల్లల కోసం ఒక్క పూట రోడ్డు మీద నిలబడమంటే ఒక్కరు రారు."

"ఎట్లా పిలిచినావు?"

"ఎట్లా ఏంది? కాగితం పంపించినాం."

అత్తగారు నెత్తళ్ళు పక్కన పెట్టి మరీ నవ్వింది.

"కాగితం ఇస్తే ఎవురొస్తారు? కరెంటోడు గూడా కాగితం ఇచ్చి పోతాడు. వాడింటికి మనం పోతామా? మనిషిని మనిషిగా పిలవాల. తట్టలో వెత్తలపాకు పెట్టుకొని, కుంకం పెట్టుకొని, గడప కాడికి పోయి పిలవాల. అప్పుడు చూడు, యాడ దాక్కుంటారో."

వెత్తలపాకు అంటే తాంబూలం. నేను నెల్లూరు వైపు నుంచి వచ్చిన కోడల్ని, మా అత్తగారి వాళ్ళేమో ఎన్ని తరాల కిందటో ఇక్కడికి వచ్చి పొలాలు చేసుకుని స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని ఒక్కరికీ చదవడం రాదు. ఆ మాటకొస్తే నా సర్క్యులర్‌ను ఆవిడ తిరగేసి, వెనక వైపు తెల్లగా ఉందని బియ్యం డబ్బా అడుగున పరిచింది. ఆటల పోటీకి తాంబూలం ఇచ్చి పిలవడమేంటి, జనం నవ్వుతారు అన్నాను.

"నవ్వనీ. నవ్వతానే వస్తారు."

మర్నాడే మొదలుపెట్టింది. పట్టుచీర కట్టి, వెండి తట్టలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పసుపు కుంకుమలు, కలకండ సర్దుకొని ఆటో ఎక్కింది. వెనక నేను మోపెడ్ మీద. మా పిలుపు చూసినవాళ్ళు ఎవరికి పెళ్ళి అని అడిగేవారు. అత్తగారు తొణకలేదు. కుంకుమ పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, ఒకే మాట చెప్పేది.

"మా కోడలి బడిలో అమ్మాయిల పరుగు. మీరు వచ్చి ఒక మలుపు కాడ నిలబడి, జరిపించి పోవాల."

జరిపించి పోవాలట! పెళ్ళి జరిపించినట్టు. నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వచ్చింది. కానీ నా సర్క్యులర్ అందుకొని కిక్కురుమనని వాళ్ళు, తాంబూలం అందుకోగానే "దానికేమి, వస్తాం" అన్నారు. అక్కడితో ఆగలేదు, మలుపుల కోసం పోటీలు పడ్డారు. ఒక పెద్దావిడ నీడ ఉన్న మలుపే కావాలంది. ఒకాయన మా ఇంటి ముందరి మలుపు వేరేవాళ్ళకిస్తే ఊరుకోనన్నాడు. ఇద్దరు తోడికోడళ్ళు పక్కపక్క మలుపులు మాత్రం వద్దన్నారు. నేను సర్క్యులర్లు పంచిన వీధుల్లోనే, ఆ గడపల్లోనే. కోపం తెచ్చుకుందామన్నా వీలు కాలేదు, ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు.

పెద్ద రోడ్డు మలుపు ఒక్కటే మిగిలింది. అదే అసలు మలుపు. బస్సులు, లారీలు ఆగాలంటే అక్కడ అలాంటి మనిషే ఉండాలి. మా అత్తగారి పెద్దన్నగారు మూలకుళంలో ఉంటారు. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం, పిలిస్తే మూడు వీధులు వినబడే గొంతు. ఆయన చెయ్యెత్తితే బస్సేమిటి, రైలైనా ఆగుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆయనింటికి ఎదురుగానే చిన్నన్నగారిల్లు.

పిలుపుకు ఒక వరస ఉంటుంది. ముందు పెద్దవాళ్ళిల్లు, తర్వాతే చిన్నవాళ్ళిల్లు. ఈ పాఠం అత్తగారు దారిపొడవునా నాకు చెబుతూనే ఉంది, నేను తొందరపడి తప్పు చేస్తానని ఆవిడ భయం. మూలకుళం చేరేసరికి వాన దంచికొట్టింది. ఆటోవాడు సరిగ్గా చిన్నన్నగారి గుమ్మం ముందు ఆపాడు. కుంకుమ తడిసిపోతుందని అత్తగారు తట్టను కొంగు కింద దాచుకొని, ఎదురుగా ఉన్న ఆ గుమ్మంలోకే దూరింది. దూరాక గాని చేసిన పని తెలియలేదు. తాంబూలం తట్టతో గడప తొక్కాక పిలవకుండా ఎలా వస్తారు? చిన్నన్నగారి భార్య తువ్వాలు తెచ్చి తల తుడుస్తోంది. చచ్చినట్టు అక్కడే ముందు కుంకుమ పెట్టాల్సి వచ్చింది.

ఎదురింటి అరుగు మీద కూర్చొని పెద్దన్నగారు అంతా చూస్తూనే ఉన్నారు.

వాన తగ్గాక వెళ్తే ఆయన మర్యాదగానే తాంబూలం తీసుకున్నారు. "సరి, చూస్తాం" అన్నారు. ఆ చూస్తాం అనే మాట వినగానే అత్తగారి మొహంలో రక్తం లేదు. తిరుగు దారిలో ఆ పాఠం మళ్ళీ ఎత్తలేదు. నేనూ పాఠం చెప్పలేదు. చెప్పాలని నోరు ఎంత దురద పెట్టిందో ఆ దేవుడికే తెలుసు.

ఆ మర్నాడు పొద్దున చేపల గంప మా వాకిట్లో దిగింది. అయ్యో, పిల్ల తల్లిని పిలవనే లేదే అని నేను తట్ట తేబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"మన గడపకు వచ్చినోళ్ళని పిలిస్తే అది పిలుపు కాదు. ఆయమ్మ ఇంటికి పోవాల."

నేను ఆవిడ వంక చూశాను. మా ఇళ్ళ నుంచి కురుచికుప్పానికి తాంబూలం పట్టుకుపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. "పిలిచేటప్పుడు పిలవాల గదా" అని తనకు తానే చెప్పుకున్నట్టు అని, బేరంలోకి దిగింది. ఆ రోజు సంకర చేపల దగ్గర ఇద్దరూ ఎప్పటిలాగే అరుచుకున్నారు.

సాయంత్రం కురుచికుప్పం వెళ్ళాం. వలల మధ్య నుంచి, పడవల పక్క నుంచి, ఇసుకలో పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని అత్తగారు నడుస్తుంటే పిల్లలంతా వెంటపడ్డారు. మమ్మల్ని చూసి ఆ ఇల్లాలు కంగారుపడింది. పక్కింటికి పరిగెత్తి ఒక కుర్చీ తెచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కుంది, వాసన చూసుకుంది, మళ్ళీ కడుక్కుంది. మా అత్తగారు నిలబడే ఉంది. "చాల్లేమ్మా, నాది గూడా నెత్తళ్ళు కడిగిన చెయ్యే" అని కుంకుమ పెట్టింది.

"నన్నెందుకమ్మా పిలవడం? నాకు ఆటలేం తెలుసు?"

"నాకు మాత్రం ఏం తెలుసు? నిలబడాల, చెయ్యి చూపించాల. నా వాకిట్లో బేరానికి నిలబడతావే, అట్లా నిలబడు, చాలు. మీ పాపే పరిగెత్తేది. చూసినట్టూ ఉంటాది."

ఆవిడ తాంబూలం కళ్ళకద్దుకుంది. తర్వాత మెల్లగా అంది. "దాని పరుగు నేను ఒక దినం గూడా చూడలేదమ్మా. అది బడిలో ఉండేటప్పుడు నేను మీ వీధిలో ఉంటా."

ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి వేళ్ళు విరుచుకుంటోంది. అప్పటిదాకా నాకు అధికారి మీద పంతం, ఈ పిల్ల సీటు తప్ప మరొకటి లేదు. ఆ సాయంత్రం నుంచి, ఈ తల్లి ఆ పరుగు చూడాలి అన్నది కూడా వచ్చి చేరింది. ఆవిడకు బడి దగ్గరే ఒక సందు మలుపు ఇచ్చాను. బండ్లు రావు, హాయిగా నిలబడి చూడొచ్చు.

పరుగు రోజు పొద్దున బడి గేటు దగ్గర నేను చూసిన దృశ్యం చెప్పాలంటే ఇప్పటికీ నవ్వాగదు. తాంబూలం ఇచ్చి పిలిచాం కదా, తాంబూలానికి తగ్గట్టే వచ్చారు. కంచి పట్టుచీరలు, తలనిండా మల్లెపూలు, జరీ పంచెలు. పిలిచింది ఒక్కరినైతే వచ్చింది ఇల్లంతా. చంటిపిల్లలతో సహా. ఒకావిడ వస్తూనే "టిఫన్ యాడ?" అని అడిగింది. ఈ సంగతి ముందే ఊహించిన మా అత్తగారు వంటమనిషిని పెట్టి పొంగల్, కేసరి చేయించి, మైదానం చివర బల్లలు వేయించింది. ఆటల అధికారి జీపు దిగి, ఆ పట్టుచీరల గుంపును చూసి, గేటు మీద బోర్డు చూసి, మళ్ళీ గుంపును చూశాడు.

"ఏంది టీచర్, మండపానికి వచ్చేసినానా నేను?"

"మీరడిగిన మనుషులు సార్. ప్రతి మలుపుకూ ఒకరున్నారు, మిగిలినవాళ్ళు కూడా ఉన్నారు."

ఎర్ర గుడ్డలు పంచాను. ఎవరూ పరిగెత్తేవాళ్ళను ముట్టుకోకూడదు, నీళ్ళు ఇవ్వకూడదు, ఆపి మాట్లాడకూడదు, అలా చేస్తే పిల్లను పోటీ నుంచి తీసేస్తారు అని గొంతు పోయేలా చెప్పాను. "దిష్టి తీయొచ్చునా?" అని ఒక అమ్మమ్మ అడిగింది. తీయకూడదు అన్నాను. ఆమెకు అసలు నచ్చలేదు.

ఒక్కొక్కరూ వాళ్ళ మలుపులకు పోయారు. పెద్ద రోడ్డు మలుపు ఖాళీగా ఉంది. పెద్దన్నగారు రాలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. అత్తగారు కొంగు నడుముకు దోపుకుంది. "అలిగినాడు. వానలో నేను చేసిన పనికి అలిగినాడు. పోయి పిలుచుకొస్తా, కాళ్ళు పట్టుకోనైనా పిలుచుకొస్తా" అని ఆటో ఎక్కింది. అధికారి గడియారం చూసుకున్నాడు. ఎండ ముదిరితే పరుగు పెట్టనన్నాడు. ఆ ఒక్క మలుపులో మనిషి లేకపోతే అసలే పెట్టనన్నాడు. మంచివాడే, పిల్లల క్షేమం కోసమే అన్నాడు, కానీ ఆ నిమిషంలో ఆయన గడియారం లాక్కొని బావిలో పడేయాలనిపించింది. చిన్నన్నగారు తను నిలబడతానన్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, కుర్చీ లేకుండా కుదరదు. కుర్చీలో కూర్చొని బస్సు ఆపుతారా ఎవరైనా?

ఆ పిల్ల గేటు పక్కన అరుగు మీద కూర్చుని, కట్టిన బూటు లేసు విప్పి మళ్ళీ కడుతోంది. తల ఎత్తడం లేదు.

అప్పుడు చేపలావిడ తన సందు మలుపు వదిలి వచ్చింది. ఎర్రంచు పట్టుచీర, బహుశా పెళ్ళినాటిది, మడతల గీతలు ఇంకా పోలేదు.

"ఆ రోడ్డు కాడ నేను నిలబడతా."

"అక్కడ బస్సులు వస్తాయి" అన్నాను.

"దినామూ గంపతో దాటే రోడ్డే గదా టీచరమ్మా. ఆ డ్రైవర్లందరికీ నా గొంతు తెలుసు."

అధికారి ఆవిడను పైకీ కిందికీ చూసి, సరే అన్నాడు. ఆవిడ సందు మలుపులోకి చిన్నన్నగారి భార్య వెళ్ళింది. ఎర్ర గుడ్డ చేత్తో పట్టుకొని చేపలావిడ పెద్ద రోడ్డు వైపు విసవిసా నడిచిపోయింది, కూతురి వైపు చూడలేదు. విజిల్ వేశాను. పిల్లలు కదిలారు.

అందరి వెనకాల మోపెడ్ మీద రావడం నా పని. ఆఖరి పిల్ల ఎవరో వాళ్ళ వెంట ఉండాలి. మా పిల్ల మొదటి మలుపులోనే గుంపులో కలిసి కనబడకుండా పోయింది. నా ముందు తొమ్మిదో తరగతి బొద్దుపిల్ల ఒకతె, డొక్కలో నొప్పితో ఏడుస్తూ, నడుస్తూ, ఏడుస్తూ పోతోంది. మానేస్తావా అంటే ఇంకా గట్టిగా ఏడ్చి మానను అంటుంది. సరే పద తల్లీ అన్నాను. అలా ఆ పిల్ల వెనక నింపాదిగా పోతూ నేను మా మలుపులన్నీ చూశాను. ప్రతి మలుపులోనూ ఒక పట్టుచీరో, జరీ పంచో. ఒక్కరూ కదల్లేదు. నీడ మలుపు పెద్దావిడ నీడ వదిలి ఎండలోకి వచ్చి మరీ గుడ్డ ఊపుతోంది. దిష్టి అమ్మమ్మ ముట్టుకోలేదు గాని, ప్రతి పిల్లకూ గాల్లోనే మెటికలు విరిచింది. నన్ను కూడా వదల్లేదు. నాకు కళ్ళు తడిశాయి. బండరాళ్ళు అన్నాను కదా వీళ్ళనే. వీళ్ళ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

పెద్ద రోడ్డు చేరేసరికి హారన్లు మోగిపోతున్నాయి. ఒక బస్సు, దాని వెనక లారీ, పక్కన నాలుగైదు ఆటోలు. వాటి ముందు ఆ ఇల్లాలు రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ముందున్న ఆటోలో మా అత్తగారు, ఆవిడ పక్కన తెల్ల మీసం పెద్దన్నగారు. పాపం, ఆయన ఇంట్లో పంచె కట్టుకొని, ఎవరో వచ్చి వెంటబెట్టుకొని పోవాలని పొద్దున్నుంచీ అరుగు మీదే కూర్చున్నారట. ఇప్పుడు తన మలుపు దాకా వచ్చి తన మలుపులోనే ఆగిపోయారు.

"నన్ను పోనీమ్మా, అది నా మలుపు!" అని ఆ మూడు వీధుల గొంతుతో అరుస్తున్నారు.

"ఎవురి మలుపైనా సరే, ఆడనే నిలబడు సామీ. బిడ్డలు పోతా ఉండారు!" అని ఈవిడ అంతకు రెండింతల గొంతుతో.

ఆయన నోరు మూసుకున్నారు. నా పెళ్ళయ్యాక ఆయన మాటకు అడ్డుపడ్డ మనిషిని చూడటం అదే మొదటిసారి. బొద్దుపిల్ల ముక్కు తుడుచుకుంటూ రోడ్డు దాటింది. ఆ ఇల్లాలు వెనక్కి తిరగకుండానే నన్నడిగింది.

"ఇంక ఎవురన్నా ఉండారా?"

"లేరు, ఇదే ఆఖరు."

చేతులు దించింది. బస్సు కదిలింది. అప్పుడు గాని ఇటు తిరగలేదు.

"నా బిడ్డ పోయిందా?"

"మీ వెనక నుంచే పోయింది కదమ్మా. చూడలేదా?"

"బస్సునే చూస్తా ఉన్నా టీచరమ్మా. నేను ఇటు తిరిగితే వాడు కదిలిస్తాడు. ఎవురి బిడ్డకన్నా తగిలితే?" అంటూ చెమట తుడుచుకొని, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. "కాళ్ళ చప్పుడు విన్నా. దాంట్లో దానిది ఏదో తెలీలేదు."

హాయిగా చూసే మలుపు ఆవిడకు ఇచ్చాను. దాన్ని వదిలేసి అందరి పిల్లలకూ వీపు పెట్టి నిలబడింది. అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు, అదీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. మోపెడ్ వెనక ఎక్కమన్నాను. ఎక్కింది.

మా పిల్ల రెండోదిగా వచ్చింది. బొద్దుపిల్ల వెనకే మేము పోయేసరికి మెడలో పతకంతో అధికారి పక్కన నిలబడి ఉంది. ఆయన పుదుచ్చేరి జట్టుకు దాని పేరు చెప్పేశాడట, వచ్చే వారమే శిక్షణ మొదలట. కాలేజీ సీటు ఆ జూన్‌లో వచ్చింది, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. పిల్ల అమ్మను చూసి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, చూసినావా? రోడ్డు దాటేటప్పుడే ముగ్గుర్ని దాటేసినా!" అంది. వాళ్ళ తమిళంలోనే అంది గాని నాకు ఇప్పటికీ ఆ గొంతు వినబడుతుంది. తల్లి లేదని తలూపింది. పిల్ల మొహం వాడిపోయింది, వెంటనే సర్దుకుంది.

పొంగల్ బల్లల దగ్గర పెద్దన్నగారు కేసరి విస్తరి చేత్తో పట్టుకొని మా అత్తగారిని పిలిచారు. ఇక అక్షింతలు పడతాయని ఆవిడ కొంగు సర్దుకుంది.

"వరస తప్పించినావు."

"వాన వచ్చిందన్నా. కావాలని చేసినానా?"

"ఇంకోతూరి తప్పించొద్దు. వచ్చే ఏడు మొదటి తాంబూలం ఆ యమ్మకిచ్చి, అప్పరం రండి మా గడపకు. నన్నే ఆపేసిందే, ఏం గొంతు!" అని ఇంకో గరిటె కేసరి వేయించుకున్నారు.

జనం పలచబడ్డారు. అధికారి జీపు వెళ్ళిపోయింది. ముఖ్య అతిథుల కోసం వేసిన రెండు మెత్తటి కుర్చీలు మైదానం పక్కన అలాగే ఉన్నాయి. మా అత్తగారు ఒకదాన్లో కూలబడి, రెండోదాన్ని అరచేత్తో తట్టింది. "కూర్చో. పొద్దున్నుంచీ నిలబడే ఉండావు." ఆ ఇల్లాలు కాస్త జంకి, చీర సర్దుకొని కూర్చుంది. కూర్చొని కూతుర్ని పిలిచింది.

"ఇప్పుడు పరిగెత్తు. ఒక చుట్టు. నేను చూడాల."

"కాళ్ళు నొస్తా ఉండాయమ్మా" అని పిల్ల గునిసింది. గునిసింది నోరే, కాళ్ళు అప్పటికే గీత దగ్గరికి నడుస్తున్నాయి. బూట్లు విప్పేసింది. నేను మెడలో విజిల్ వెతుక్కొని ఊదాను. ఇసుకలో పరిగెత్తినట్టే పరిగెత్తింది, పతకం ఛాతీ మీద ఎగిరెగిరి పడుతోంది. ఎదుట ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. గిన్నెలు కడిగేవాళ్ళు కూడా చేతులాపి చూశారు.

తల్లి కుర్చీ అంచుకు జరిగింది. కూతురు ఎటు పోతే తల అటు తిప్పుతూ చుట్టంతా చూసింది. ఎర్ర గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది. పిల్ల గీత దాటి, నడుం మీద చేతులు పెట్టుకొని మా వైపు తిరిగేదాకా ఆగి, మా అత్తగారి వైపు వంగింది.

"ఇంత వేగంగా పోతాదా ఇది!" అంది. కళ్ళు తుడుచుకుంది. "చూడమ్మా దీన్ని! అంగడికి పోయి ఉప్పు తెమ్మంటే గంట చేస్తాది."